డొంకూరు ఒడ్డున తట్టిన చప్పుడు

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే, "ముందు నీ లివర్ చూడనీ, ఎంత తాగావో తెలుస్తుంది" అని ఆటపట్టించే రకాన్ని నేను. వృత్తిరీత్యా డాక్టర్ని. ఇప్పటికీ అలాగే అంటాను. కానీ డొంకూరు సంగతి మాత్రం నాకు కొరుకుడుపడలేదు.

అరవైల చివర్లో, నేను చదువు ముగించిన కొత్తలో, మా ప్రొఫెసర్‌గారికి ఒక ఆలోచన వచ్చింది. ఏ జబ్బూ లేని మనిషికి లివర్ ఎంత ఉంటుంది? ఆసుపత్రిలో దొరికేది రోగులే కదా. అందుకని ఒళ్ళొంచి పనిచేసే పల్లెకారుల్ని కొలిచి రమ్మని నన్ను ఉద్దానం తీరానికి తోలారు. అప్పటికి మాకు స్కానింగ్ మిషన్లు లేవు. పక్కటెముకల మీద ఒక వేలు ఆనించి, రెండో చేతి వేలితో తట్టాలి. ఊపిరితిత్తి ఉన్నచోట డొల్లగా మోగుతుంది. లివర్ మొదలైనచోట చప్పుడు మొద్దుబారుతుంది. పైనా కిందా సిరాతో గీత పెట్టి టేపుతో కొలవడమే.

నేను అక్కడి చేపలవాళ్ళ ఊరు డొంకూరు చేరేసరికి ఊరంతా ఒడ్డునే ఉంది. ముందురోజు వేటకి వెళ్ళి గాలివానలో చిక్కిన తెప్ప ఒకటి తిరిగి రాలేదు. దాని మీద ఇద్దరు పెళ్ళికాని కుర్రాళ్ళు. ఒకడి తండ్రి నూకయ్య సముద్రం వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. ఇది సమయం కాదని నేను వెనక్కి తిరగబోతే, నేనొచ్చిన పని విన్న ఆయనే పిలిచాడు.

"సూడండి బాబూ. ఊరికే నిలబడలేకపోతన్నాను," అంటూ ఒడ్డుకు లాగిన ఇంకో తెప్ప మీద వెల్లకిలా పడుకున్నాడు.

తట్టాను. "గట్టిగా గాలి పీల్చు. అలాగే పట్టి ఉంచు" అన్నాను. అందరికీ చెప్పే మాటలే. కొలత అయిపోయినా ఆయన లేవలేదు.

"ఇంకా కొట్టండి బాబూ. మావోడికి ఇనపడతన్నట్టుంది."

జాలేసింది. కాదనలేక అవే మాటలు అంటూ చాలాసేపు తట్టాను.

మర్నాడు పొద్దున్నే నూకయ్య కొడుకుని తీరం వెంట దూరాన ఉన్న బారువ నుంచి బండిలో తీసుకొచ్చారు. ఒక్కడినే. తెప్ప విడిపోతే ఒక దుంగ పట్టుకుని తేలాడట. బండి దిగుతూనే తండ్రిని వాటేసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"సేతులు వదిలీద్దామనుకున్నాను నాన్నా. పొట్ట మీద ఎవలో తట్టినారు. గట్టిగా గాలి పీల్చు, అలాగే పట్టి ఉంచు అన్నారు. పట్టీసినాను."

ఒళ్ళంతా జలదరించింది. భయం కాదది. గుడి మెట్లెక్కని నేను సముద్రానికి రెండు చేతులూ జోడించాను. బారువలో నా ఊసు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ కుర్రాడు నన్ను చూడటం అదే మొదలు.

అప్పుడు రెండో కుర్రాడి తల్లి వచ్చింది. అదే తెప్ప మీద పడుకుని, "నన్నూ కొట్టండి బాబూ" అంది.

టేపు తియ్యలేదు. సిరా తియ్యలేదు. పొద్దువాలేదాకా తట్టాను, గొంతు పోయేదాకా ఆ మాటలే అన్నాను. చివరికి ఆమే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"సాలు బాబూ. ఇన్నాడు. రాలేనంటన్నాడు."

అతను రాలేదు.

తర్వాత స్కానింగులు వచ్చాయి. చప్పుడు ఒంట్లోకి వెళ్ళి, తిరిగొచ్చి, లివర్ బొమ్మ ఎలా కడుతుందో ఎందరికో పాఠం చెప్పాను. కానీ నా వేలి చప్పుడు అంత నీళ్ళు దాటి ఆ కుర్రాడికి ఎలా అందిందో నాకు తెలియదు. ఆ తల్లికి ఏం వినిపించిందో అసలే తెలియదు. ఆరోజు ఆమె చాలు అన్నాక, ఇంకొక్కసారి తట్టడానికి మాత్రం నాకు చెయ్యి రాలేదు.