సెలీన్ నమిలి చూసిన ఆకు

కేజీఎఫ్‌లో సెలీన్ గడ్డికట్ట కొనడం చూసి తీరాలి. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు కూడా అన్ని వంకలు పెట్టరు. కట్ట విప్పుతుంది, నడిమి నుంచి ఒక రెమ్మ లాగుతుంది, ఆకు అంచు మీద గోరు పోనిస్తుంది, ఆఖరికి నోట్లో వేసుకుని నములుతుంది. మేత ఆవుకా, నీకా అని పక్కవాళ్ళు ఎగతాళి చేస్తారు. చేసుకోనీ, ఆమెకేం?

అక్కడి బంగారు గనిలో పనిచేసిన తండ్రి సుందర్‌రాజ్ ఆమెకు చిన్నప్పుడే ఒక మాట నేర్పాడు. మెరుపును నమ్మొద్దు, రాయి పగలగొట్టి, తడిపి, వెలుతురులో చూడు అని. పోయినేడు ఆ మాటే మరిచిపోయింది. వాడిన లూసర్న్ గడ్డిలోంచి క్రిస్మస్ కేకులాంటి కమ్మటి వాసన వస్తే మురిసిపోయి మూలన పేర్చిపెట్టింది. అందులో సగం లూసర్నే కాదు. అచ్చం దానిలాగే మూడేసి ఆకులుండే కలుపు. వానకు తడిసి బూజు పడితే దులిపి ఆవుకు వేసింది. ఆవు ఈనింది గానీ దూడ బొడ్డు దగ్గర నెత్తురు ఆగలేదు. సాయంత్రానికి దూడ పోయింది. ఆ కలుపు బూజు పడితే తిన్నవాటికి నెత్తురు గడ్డకట్టదని పశువుల డాక్టరు చెప్పాక, సెలీన్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తప్పు తనదే మరి.

ఈ ఏడు ఆవు మళ్ళీ చూలుతో ఉంది. లక్కూరు రైతు చౌడప్ప ఆటోలో తెచ్చిన కట్టను ఆమె విప్పి చూసి పక్కకు నెట్టేసింది. నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషికి ఒళ్ళు మండదూ?

"రాళ్ళు కొట్టినోళ్ళ బిడ్డవి, గడ్డి సంగతి నాకు సెప్తావామ్మా?"

సెలీన్ గొంతు పెంచలేదు. రెండు ఆకులు తీసి అతని అరచేతిలో పెట్టింది. లూసర్న్ ఆకుకు కొసన మాత్రమే రంపపు పళ్ళు, కింది అంచు నున్నగా ఉంటుంది. ఈ రెండోదానికి అంచంతా పళ్ళే. నమిలితే చేదు. చౌడప్ప నమిలి ఉమ్మేశాడు. ఇన్నాళ్ళూ పచ్చిగా మేపినా ఏమీ కాలేదే అని గొణిగాడు. ప్రాణం తీసేది బూజు పట్టిందేనని చెప్పి, ఆమె ఒక్కటే అడిగింది.

"అమ్ముడుపోంది యాడ ఏస్తావప్పా?"

చౌడప్ప ముఖం మాడిపోయింది. మిగిలిందంతా కొట్టం పక్కన కుప్ప పోసి, దాన్నే తన చూలావుకు వేస్తున్నాడు. మూడు వారాల్లో అది ఈనాలి. వెంటనే ఆటో వెనక్కి తిప్పాడు.

నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చాడు. చేతిలో క్యాను, నిండా జున్నుపాలు. ఆ కుప్పను ఆ రోజే తగలబెట్టానన్నాడు.

"పెయ్యదూడమ్మా. బొడ్డు కాడ సుక్క నెత్తురు లేదు. ఎగురుతా ఉండాది," అన్నాడు.

పోయిన తన దూడ గుర్తొచ్చి సెలీన్ కళ్ళు తుడుచుకుంది. క్యాను లోపల పెట్టి వచ్చింది. అతను తెచ్చిన కట్ట విప్పింది, నడిమి రెమ్మ లాగి నోట్లో వేసుకుంది. ఈసారి చౌడప్పకు కోపం రాలేదు. ఆమె తల ఊపేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.