దిగకూడని చొక్కా

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనిషి ముందు వేషం వేసుకుంటే చాలు, కాళ్ళూ ఊపిరీ వెనకాలే వచ్చి కలుస్తాయని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఇరవై నాలుగేళ్ళ వయసులో గుంతకల్లులో కొత్తగా గుమాస్తా ఉద్యోగంలో చేరి, అద్దె గదిలో ఒంటరిగా ఉంటూ, పొద్దునా సాయంత్రమూ ఉగ్గాని బజ్జీ తింటూ, పెరుగుతున్న పొట్టను ఫైళ్ళ చాటున దాచుకుంటున్నవాడికి ఏదో ఒక నమ్మకం కావాలి కదా. బడిలో చదివిన పదేళ్ళూ నన్ను ఏ ఆటలోనూ ఎవరూ చేర్చుకోలేదు. డ్రిల్లు మాస్టారు నన్ను చూడగానే, "నువ్వు ఆడ కూచోరా, అందరి చెప్పులూ చూసుకో" అనేవారు. పదేళ్ళూ నమ్మకంగా చూసుకున్నాను (ఒక్క చెప్పు కూడా పోలేదు, అది వేరే సంగతి). అందువల్ల మొదటిసారి ఒక ఆటగాడి చొక్కా నా ఒంటి మీదికి వచ్చినప్పుడు, ఏమైనా సరే దాన్ని వదులుకోకూడదని పట్టుబట్టాను.

ఆ చొక్కా రావడానికి కారకుడు కెప్టెన్. ఆ పిలుపు మేం పెట్టుకున్నదే, అసలు ఆయన గూడ్సు రైళ్ళ మీద గార్డు, నలభై దాటినవాడు. డ్యూటీ లేనప్పుడల్లా ఫోనులో ఎక్కడో యూరపులో మంచు కొండల మీద జరిగే సైకిల్ పందేలు చూసేవాడు. ఆయనా, బట్టల కొట్టు శెట్టీ, నేనూ ముగ్గురం కలిసి ఆదివారాలు సైకిళ్ళు తొక్కేవాళ్ళం. ఒకరోజు కెప్టెన్ ఆ పందేల్లో తనకు నచ్చిన జట్టు బట్టలు మా ముగ్గురికీ ఆన్‌లైన్లో తెప్పించాడు. పసుపూ ఆకుపచ్చా కలిసిన చొక్కా, దాని నిండా మాకు చదవడానికి రాని భాషలో కంపెనీల పేర్లు, రొమ్ము మీద పెద్ద ఆకు, ఆకు కొసన ఒక నీటి బొట్టు. అది ఆ దేశంలో వంటింటి అరలు చేసే కంపెనీ గుర్తట. శెట్టి గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి, "పాలిస్టరేన్నా. మా కొట్లో దీంతో దిండు గలీబులు కుడతారు" అని తేల్చేశాడు. నేను దాంట్లో దూరడానికి పావుగంట పట్టింది. దూరాక అద్దం ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, గలీబు తొడిగిన దిండులాగానే ఉన్నాను. అయినా నా కళ్ళకు మాత్రం మంచు కొండలే కనబడ్డాయి.

బట్టలు పంచి ఊరుకోకుండా కెప్టెన్ ఒక చట్టం కూడా చేశాడు. "సూడండప్పా, ఈ బట్టలకు ఒక మర్యాద ఉండాది. ఇవి ఏసుకున్నోడు సైకిల్ దిగి నడిపించుకుంటా పోకూడదు. నీళ్ళు తాగను కాలు కింద పెట్టొచ్చు, నిలబడొచ్చు. నడిపించేది మాత్రం లేదు. నడిపించినోడు ఆ పొద్దే చొక్కా ఇప్పి నా చేతికియ్యాల. దాంతో నేను చెయిన్ తుడుచుకుంటా."

"పంచరైతేనో?" అన్నాడు శెట్టి.

"అతికించుకో. ఎందుకు దిగినా దిగినట్టే."

నేను మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాను. లోపల మాత్రం అది నా కోసమే చేసిన చట్టమని తెలుసు. అప్పటిదాకా ప్రతి ఆదివారమూ ఏదో ఒక దిన్నె దగ్గర దిగి సైకిల్ నడిపించింది నేనే మరి.

ఆషాఢంలో ఒక ఆదివారం, ఉరవకొండ దాకా పోయి రావాలని నిర్ణయం అయింది. మా సీమలో ఆషాఢం గాలి సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆ మాసంలో ఉరవకొండకు సైకిల్ మీద పోరు. గాలి నైరుతి నుంచి వస్తుంది, మేము పోవలసిందీ అటే. తెల్లవారుతుండగా బయలుదేరాం. ఊరు దాటామో లేదో గాలి ఎదురు రొమ్ము మీద చెయ్యి పెట్టి తోయడం మొదలుపెట్టింది. చుట్టూ దున్ని పెట్టిన ఎర్రచేలు, వాన కోసం చూస్తున్న శెనక్కాయ రైతులు, దూరంగా హుషారుగా తిరుగుతున్న గాలిమరలు. ఆ జిల్లా మొత్తంలో ఆ గాలికి సంతోషించింది ఆ మరలొక్కటే అనుకుంటాను. నేను తల వంచి, ముందు చక్రాన్ని తప్ప దేన్నీ చూడకుండా తొక్కాను. "దిగను, దిగను" అని పైకే అనుకుంటూ తొక్కాను. దారిలో ఒక పల్లె దగ్గర, పంచె ఎగగట్టిన ఒక పెద్దాయన రోడ్డు వారకు పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ పైకెత్తి ఏదో అరిచాడు. పందేల్లో జనం అలాగే ఉత్సాహపరుస్తారని కెప్టెన్ చెప్పి ఉన్నాడు గనక నేను ఉప్పొంగిపోయి ఒక చెయ్యి ఊపాను. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. నేను ఇంకా గట్టిగా ఊపాను.

ఉరవకొండ ముందర ఒక పొడుగాటి దిన్నె ఉంది. బస్సులో పోయేవాళ్ళకు అది కనపడను కూడా కనపడదు. అక్కడికి వచ్చేసరికి నా తొడలు నా మాట వినడం మానేశాయి. విచిత్రమేమంటే కెప్టెనూ శెట్టీ నా వెనకాల ఉన్నారు. నేను రోడ్డుకు అడ్డంగా ఈ చివరికీ ఆ చివరికీ పాములా వంకరలు తిరుగుతూ ఎక్కుతున్నాను. అంతలో నెత్తిన గడ్డిమోపుతో ఒక అవ్వ నడుచుకుంటూ వచ్చి నన్ను దాటింది. దాటి, జాలిపడి, వెనక్కి తిరిగింది.

"ఏమప్పా, దిగి నడిస్తే బిరీన పోతావు కదా?"

"దిగకూడదవ్వా," అన్నాను రొప్పుతూ.

"యాల? కాలికేమైనా అయిందా?"

"కాలు బాగానే ఉండాది. ఈ సొక్కా ఏసుకుంటే దిగకూడదు."

అవ్వ ఒకసారి చొక్కాను, ఒకసారి నా మొహాన్ని చూసి, "ఇప్పి సంచిలో ఏసుకోరాదూ?" అని, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. (అంత సులువైన ఉపాయం మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.) నేను దిగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది గాలి వల్లేనని అప్పుడు అనుకున్నాను. దిన్నె పైకి చేరినప్పుడు గట్టిగా అరిచాను. వినడానికి నాలుగు మేకలు తప్ప ఎవరూ లేరు. ఐనా నా జీవితంలో అంత గర్వపడిన క్షణం అంతకు ముందు లేదు, తర్వాతా పెద్దగా లేదు.

కెప్టెన్ చాలాసేపటికి వచ్చాడు, చెయిన్ జారిందన్నాడు. శెట్టి ఇంకా తర్వాత వచ్చాడు, ఒంటి మీద చెమట బొట్టు లేకుండా. హోటల్లో దోసెలు తిని, మళ్ళీ గుంతకల్లు దారి పట్టాం. ఇప్పుడు గాలి వెనక నుంచి తోస్తోంది. వాళ్ళిద్దరూ ఒక్క ఊపున కనుచూపు మేర దాటిపోయారు. నేను మాత్రం, గెలిచినవాడికి తొందరేమిటని నింపాదిగా పోతున్నాను. పొద్దున చేతులెత్తిన పెద్దాయన ఈసారి రోడ్డు నడిమధ్యలో నిలబడి ఉన్నాడు.

"నిలబడు! పొద్దన్నుంచి కాసుకోనుండా. పిలిస్తే చెయ్యి ఊపుకుంటా పోతావా? ఆ ఇద్దరూ చిక్కకుండా పోయిరి. మీ డ్రిప్పు పైపులు బిగిచ్చి పోయినాంక ఒక్కడన్నా తొంగి చూసినాడా? మూడు దినాలుగా చీనీ చెట్లకు చుక్క నీళ్ళు పోలే!"

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మా పల్లెల్లో ఒంటి మీద కంపెనీ పేరు అచ్చువేసుకుని తిరిగేది కంపెనీ మనుషులే. విత్తనాలవాళ్ళూ, మందులవాళ్ళూ, పైపులవాళ్ళూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని సీజనుకు ముందు ఊరూరా తిరుగుతారు. మేము ముగ్గురం ఒకే రంగులో, రొమ్ము మీద ఆకూ నీటిబొట్టూ పెట్టుకుని వరసగా పోతుంటే ఆయన ఇంకేమనుకుంటాడు?

"నేను కంపెనీవాణ్ణి కాదు తాతా. ఇది సైకిల్ పందెంవాళ్ళ సొక్కా."

"నువ్వు పందెంలో ఉండావా?"

"లేదు."

"ఆ కంపెనీలో ఉండావా?"

"లేదు."

"మరి వాళ్ళ పేరు యాల మోస్తాండావప్పా? పేరు మోసినాక మాట గూడా పడాల కదా."

ఆయన గొంతు ఒక్కసారిగా తగ్గింది. "కరెంటు మద్యాన్నం దాకే ఉంటాది. రోంత చూసిపోప్పా," అన్నాడు. మా నాయనకూ చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. డ్రిప్పులో ఎక్కడేం అడ్డుపడుతుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తోట రోడ్డుకు అవతల, దున్నిన చేను మీదుగా పోవాలి. సైకిల్ రోడ్డు మీద వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారు, ఎర్రమట్టిలో తొక్కడం అసాధ్యం. నేను అటూ ఇటూ చూశాను. కెప్టెన్ లేడు, శెట్టి లేడు. దిగాను. హ్యాండిల్ పట్టుకుని, దిన్నె మీద కూడా దిగనివాణ్ణి, ఆ చేనులో నడిపించుకుంటూ పోయాను. ఫిల్టరు విప్పితే జాలీ నిండా పాచి, కొబ్బరి పీచులాగా. కడిగి బిగించి, పైపుల కొసలు విప్పి మురికి నీళ్ళు వదిలేశాను. కాసేపటికి చెట్ల మొదళ్ళలో బొట్టు బొట్టుగా నేల తడవడం మొదలైంది. తాత సంతోషించాడా అంటే, "ఈ పని మీరు మొన్ననే చేసుండాల్సింది" అన్నాడు. ఆఖరిదాకా నన్ను కంపెనీవాడిగానే ఉంచాడు. పోతుంటే మాత్రం చొక్కా వీపు జేబుల నిండా చీనీకాయలు కుక్కాడు.

మిగిలిన దారంతా నాలో నేను వాదించుకున్నాను. ఎవరూ చూడలేదు. చెప్పకపోతే చొక్కా నాది. దిన్నె ఎక్కింది నిజమే కదా! ఆ వాదన గుంతకల్లు చేరేదాకా గెలుస్తూనే వచ్చింది. కెప్టెన్ ఇంటి ముందు వాళ్ళిద్దరూ మజ్జిగ తాగుతున్నారు. నన్ను చూడగానే కెప్టెన్ లేచి నిలబడి, "బలే తొక్కినావురా! దిగలేదు కదా?" అన్నాడు. ఆయన కళ్ళలో నిజమైన మెప్పు ఉంది. చిన్నప్పటి నుంచీ నేను ఎవరి కళ్ళలోనూ చూడని మెప్పు. తల ఊపితే సరిపోయేది. "దిగినానన్నా," అన్నాను. జరిగింది చెప్పి, కాయలు అరుగు మీద పెట్టి, పావుగంట పట్టి తొడుక్కున్న చొక్కాను కష్టపడి విప్పి ఆయన చేతిలో పెట్టాను. బనీనుతో నిలబడి ఏడుపు ఆపుకున్నాను. ఇది దాచుకోవలసిన విషయమేమీ కాదు.

కెప్టెన్ లోపలికి పోయాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన ఒంటి మీద ఉత్త లుంగీ, బనీను. చేతిలో ఆయన చొక్కా. దాన్ని నా చొక్కా మీద పెట్టి, నేల చూస్తూ, "ఆ దిన్నె మీద నేనూ దిగినాలే. నువ్వు ముందర ఉండావు, సూళ్ళేదు. చెయిన్ ఏమీ జారలే," అన్నాడు.

ఇద్దరం శెట్టి వైపు చూశాం. శెట్టి మజ్జిగ గ్లాసు కింద పెట్టకుండానే, "నేను మాత్రం దిగలేదన్నా, ఒట్టు. ట్రాక్టర్ ట్రాలీ పట్టుకోని ఎక్కినా," అన్నాడు. కెప్టెన్ ముందు నవ్వాడు. తర్వాత నేను. చీనీకాయలు ఒలుచుకుని తింటూ చాలాసేపు నవ్వాం. తరువాతి ఆదివారం ముగ్గురం అవే చొక్కాలు వేసుకుని పోయాం. ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ దిగాం, చట్టం ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నేను ఆఫీసులో నలుగురిపైన పెద్దవాణ్ణి. ఏది చెప్పాలో, ఏది చెప్పకుండా ఊరుకోవాలో బాగా నేర్చుకున్నాను. ఎవరూ చూడనివి ఎన్ని జరగలేదు, ఎన్నిటికి నేను తల ఊపి ఊరుకోలేదు! ఆ ఇంటి ముందు బనీనుతో నిలబడ్డ ఆ లావుపాటి కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అడిగీ అడగగానే నిజం ఒప్పుకున్నాడు, తెలివి తక్కువవాడు. నేనైతే అలా చెప్పి ఉండేవాణ్ణి కాదు.