కొత్త కంప్యూటర్లోకి పాత చీపురు

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే చెప్పులు బయట విడిచి లోపలికి పోయి చూడాల్సిన వస్తువు. ఇప్పుడు మా ఇంట్లో ల్యాప్‌టాప్ మూత మీద వేరుశనగలు పోసుకుని ఒలుచుకుంటాం గానీ, అప్పట్లో ఆళ్లగడ్డ రిజిస్టర్ ఆఫీసు ఎదురుగా ఉన్న మా రైటర్ మామ గదిలో ఆ పెట్టెకు రోజూ కుంకుమ బొట్టు, శుక్రవారం సాంబ్రాణి, ఎండాకాలం వస్తే ఫ్యాను. (ఫ్యాను దానికే. మాకు అట్టముక్కలు.) నాకప్పుడు ఇరవై ఒక్కేళ్లు. నంద్యాలలో టైపు హయ్యరు పరీక్ష పాసై, ఆ సర్టిఫికెట్ చూపిస్తే లోకం లేచి నిలబడుతుందని నమ్మి, లోకం కూర్చునే ఉండటం చూసి, అమ్మకు వరసకు తమ్ముడయ్యే ఈ మామ దగ్గర దస్తావేజులు కొట్టే పనికి కుదిరినాను.

రైటర్ మామ పొట్టి మనిషి. కంప్యూటర్ వచ్చినా చెవి మీద పెన్ను మాత్రం దిగలేదు. ఆయనకు రెండు నియమాలు ఉండేవి. ఒకటి, ఒప్పుకున్న దినమే కాగితం. రేపు రాసుకుందాం అంటే రాత్రికి ఎవరో ఒక బంధువు వచ్చి మనసు విరిచిపోతాడని ఆయన అనుభవం. రెండోది, రిజిస్ట్రేషన్ అయిపోయిన దస్తావేజు మన కంప్యూటర్లో ఒక్క పూట కూడా ఉండకూడదు. ఊరోళ్ల ఆస్తుల గుట్టు మన పెట్టెలో ఎందుకు అని దగ్గరుండి చెరిపించేవాడు. మా దగ్గర మిగిలేవి పేర్లు లేని ఖాళీ నమూనాలే: క్రయానికొకటి, దానానికొకటి, భాగపరిష్కారానికొకటి, వీలునామాకొకటి.

ఆ నమూనాల్లో అతికించాల్సిన షరతులు మాత్రం మ్యాక్రోల్లో ఉండేవి. మ్యాక్రో అంటే భయపడే పనేం లేదు. మనం ఒకసారి కొట్టిందాన్ని కంప్యూటర్ గుర్తు పెట్టుకుని, కంట్రోలుతో పాటు ఒక కీ నొక్కితే మళ్లీ అంతా తనే కొట్టేస్తుంది. ఈ కిటుకు నంద్యాలలో టైపు నేర్పిన సారు చెప్పినాడు. నేను మొదట తయారుచేసిన మ్యాక్రో కాగితంలో అనవసరపు ఖాళీలన్నీ ఊడ్చేసేది. అందుకని ఆ ఫైలుకు ముచ్చటపడి చీపురు అని పేరు పెట్టినాను. తర్వాత చేసిన మ్యాక్రోలన్నీ, ఒకటి కాదు రెండు కాదు ముప్పై పైచిలుకు, నేను చెప్పకుండానే పోయి ఆ చీపురులోనే చేరినాయి. పేరు పెట్టేటప్పుడు ఇంత కథ జరుగుతుందని ఎవరనుకుంటారు?

వాటన్నిటిలోకీ రాజు బావి నీళ్ల షరతు. ఒకే బావి మీద ఇద్దరు బతకాల్సి వస్తే ఎట్లా అనేది మామ దాంట్లో నాలుగు ముక్కల్లో తేల్చినాడు. దినం మార్చి దినం ఒకరి వంతు. కరెంటు లేని దినం వంతు కింద లెక్క కాదు. ఒకరి వంతులో ఇంకొకరు మోటరు దగ్గరికి పోరాదు. పశువులకు, దారిన పోయే మనుషులకు తాగునీళ్లు ఏ దినమూ ఎవరూ అడ్డగించరాదు. ఇది ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్తాంటే నేను తల వంచుకుని రికార్డు చేసినాను. తాగునీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు దాహం గుర్తొచ్చిందో ఏమో, కిటికీలోంచి టీ బంకు వైపు తిరిగి, అదే గొంతుతో, "రెండు టీలు చెప్పు, ఒకదాంట్లో చక్కెర వద్దు" అన్నాడు. నేను అది కూడా కొట్టేసినాను. (చెప్పింది చెప్పినట్టు కొట్టాలని హయ్యరులో నేర్పినారు మరి.) ఆయన చూసి నవ్వి, తుడిచెయ్యమన్నాడు. ఒక్కొక్క అక్షరం వెనక నుంచి చెరిపి, ముందుకు పోయినాం.

కానీ మ్యాక్రో మహా నిజాయితీది. కొట్టిందీ గుర్తు పెట్టుకుంది, చెరిపిందీ గుర్తు పెట్టుకుంది. ఆ పాత కంప్యూటర్ నడకేమో నత్తనడక. కీ నొక్కితే షరతంతా వరసగా వచ్చి, తాగునీళ్ల తర్వాత "రెండు టీలు చెప్పు, ఒకదాంట్లో చక్కెర వద్దు" అని తీరుబడిగా పడి, మళ్లీ అంతే తీరుబడిగా వెనక నుంచి చెరిగిపోయేది. వచ్చినోళ్లు తెర చూసి నవ్వేవాళ్లు. ఇంకోసారి రికార్డు చేద్దాం మామా అంటే, నేను చెప్పిన మాట మళ్లీ అట్లనే చెప్పలేను పాపా, ఉండనీ అనేవాడు. ఆ మాట నిజమని తర్వాత తెలిసింది.

నాలుగైదేళ్లకు ఆ పెట్టె ముసలిదైపోయింది. పొద్దున ఆన్ చేసి, గది ఊడ్చి, వాకిట్లో ముగ్గేసి వస్తే అప్పటికి కండ్లు తెరిచేది. చివరికి మామ నంద్యాలలో ఒక షాపులో కొత్తది మాట్లాడినాడు. కొత్తది తెచ్చి బిగించడం, పాతది వాళ్లు తీసుకుపోవడం ఒప్పందం. కీబోర్డు మాత్రం పాతదే ఉంచుకున్నాం, నా వేళ్లకు అలవాటని.

బుధవారం పొద్దున మంచి గడియ చూసి సామాను మార్చే పని పెట్టుకున్నాం. మామకు అది అచ్చంగా గృహప్రవేశం. కొత్త తెరకు బొట్టు, మామిడాకు, గుమ్మం దగ్గర టెంకాయ. పెన్‌డ్రైవ్ నా చేతిలో, ఆజ్ఞలు ఆయన నోట్లో. మొదట లక్ష్మీదేవి బొమ్మ పోవాలన్నాడు, పోయింది. తర్వాత పసుపూ ఉప్పూ పోయినట్టు క్రయమూ దానమూ పోయినాయి. వీలునామా దగ్గర గట్టిగా ఆపినాడు. కొత్తింట్లోకి అడుగుపెడుతూనే వీలునామా ఏందీ అని. అది ఆఖర్న, పెరటి దోవన పోయినట్టు పోయింది. అప్పుడు జాబితాలో మిగిలిన ఆ పేరు ఆయన కంట పడింది.

"చీపురా? పాతింటి చీపురు కొత్తింట్లోకి ఎవరన్నా తీసకపోతారా మ్మే?"

నిజమే గదా, తీసుకుపోరు. మా అమ్మ కూడా ఇల్లు మారినప్పుడు పాత చీపురు అక్కడే వదిలి, కొత్తది కొని లోపలికి అడుగుపెట్టింది. నేనూ దాన్ని అక్కడే వదిలేసినాను. మీరు అడగొచ్చు, ముప్పై మ్యాక్రోలు దాంట్లోనే ఉన్నాయని నీకు తెలీదా అని. ఖాళీలు ఊడ్చేది ఒకటి ఉందని తెలుసు, పోతే మళ్లీ చేసుకుందాం అనుకున్నాను. తక్కినవన్నీ కీ నొక్కితే వస్తాయి గదా, కీలు కీబోర్డులో ఉన్నాయి గదా, కీబోర్డు మన దగ్గరే ఉంది గదా అని నా ధీమా. (హయ్యరు, ఫస్టు క్లాసు.) షాపాయన పాత పెట్టెను ఆటోలో వేసుకుని మధ్యాహ్నానికే వెళ్లిపోయినాడు.

గురువారం తొమ్మిదికల్లా పెద్దన్న, చిన్నన్న వచ్చినారు. దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే అన్నదమ్ములు. ఆరేళ్లుగా మాటల్లేవు, ఒక బావి దగ్గర తగువు. మామ వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగి తిరిగి, ఆ తెల్లవారుజామునే ఇద్దరితో సరే అనిపించినాడు. ఒకటిన్నరకు రాహుకాలం, ఆలోపల సంతకాలు పడాలి. ఇద్దరూ ఒకే ఒక్క మాట మీద ఒప్పుకున్నారు: వెంట వచ్చిన పెద్దన్న భార్య పెద్దొదిన పుట్టింటోళ్లకు పగిడ్యాలలో మామ రాసిన బావి షరతు ఉంది, ఆ ఇంట్లో ఇంతవరకు నీళ్ల గొడవ లేదు, మాకూ అదే కావాల, అక్షరం మారకూడదు. ఆ కాగితమేమో పగిడ్యాలలో బీరువాలో ఉంది, ఎప్పుడు పోయి ఎప్పుడు రావాల?

నేను దర్జాగా కూర్చుని కంట్రోలుతో కీ నొక్కినాను. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కినాను. కీబోర్డు తిరగేసి తట్టినాను. తట్టగా తట్టగా అప్పుడు నాకు బుర్రలో దీపం వెలిగింది: షరతులున్నది కీబోర్డులో కాదు, చీపురులో. మామను బయటికి పిలిచి చెవిలో చెప్పినాను. ఆయన తిట్టలేదు. చీపురు వద్దన్నది తనే గదా. చెవి మీద పెన్ను తీసి మళ్లీ పెట్టుకున్నాడు, అంతే.

షాపుకు ఫోన్ చేస్తే ఆయన చల్లగా, ఆ పెట్టెలో ఉన్నదంతా ఇప్పుడే చెరిపి కడుగుతాండాం, సాయంత్రానికి పాణ్యం ఆయనకు ఇయ్యాల అన్నాడు. ముట్టుకోవద్దన్నా, నీకు దండం పెడతా అని, పెన్‌డ్రైవ్ కొంగులో ముడేసుకుని బస్సు ఎక్కినాను. అప్పటికి మాకు నెట్ లేదు, ఉన్నా నాకు పంపించుకోవడం రాదు. ఆ గంట ప్రయాణంలో ఎంతమందికి మొక్కుకున్నానో లెక్కలేదు. శ్రీశైలం మల్లన్నకైతే నడిచి వస్తానని కూడా అన్నాను. (ఇంకా పోలేదు. ఆయనకు తెలుసు.) ఆరేళ్ల తర్వాత ఒకచోట కూర్చున్న అన్నదమ్ములు నా తెలివితక్కువతనానికి లేచిపోతే ఎట్లా అని ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగి ఏడ్చినాను కూడా.

షాపులో మా పెట్టె బల్ల మీద పొట్ట విప్పుకుని పడుకుని ఉంది. కుంకుమ బొట్టు అట్లనే ఉంది. అది చూసే చెయ్యి వెయ్యలేదమ్మా, మీరొచ్చేదాకా ఆగినా అన్నాడు షాపాయన. ఆ ఒక్క మాటకు ఆయన కడుపు చల్లగుండ అనుకున్నాను. చీపురు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది, నేను బస్సెక్కినాను.

పన్నెండూ యాభైకి గది దగ్గరికి వచ్చేసరికి చిన్నన్న ఒక చెప్పు తొడుక్కుని రెండోది వెతుక్కుంటాండాడు. నేను పోయినాక మామ ధైర్యం చేసి షరతును నోటితో చెప్పబోయినాడట. ఇన్నేళ్లు కీ నొక్కి నొక్కి ఆయన మాటలు ఆయనకే గుర్తు లేవు. కరెంటు లేని దినం కాస్తా కరెంటున్న దినమైంది. వంతులు తారుమారై, దినాలు ఒకదాని మీద ఒకటి పడి, చిన్నన్న ఇదేందీ అని లేచినాడు. నేను పెన్‌డ్రైవ్ ఎత్తి చూపిస్తూ లోపలికి ఉరికితే, మామ గుమ్మం దగ్గరే చెయ్యి అడ్డం పెట్టినాడు.

"ఆ పేరుతో లోపలికి రాగూడదు పాపా."

నాకు మతి పోయింది. పేరు మార్చాలంటే కంప్యూటర్లో పెట్టాలి, కంప్యూటర్లో పెట్టాలంటే పేరు మార్చాలి. పెద్దొదిన లోపలి నుంచి, చీపురంటే లక్ష్మి గాదప్పా, కాలు తగిలితే కండ్లకద్దుకోమా అంది. మామ ఒక్క క్షణం ఆలోచించి, అయితే ఆ పేరే పెట్టుకుని రా అన్నాడు. పక్కనున్న జిరాక్సు షాపుకు పరుగెత్తి, ఆయన కంప్యూటర్లో చీపురును లక్ష్మి చేసి, కుడికాలు ముందు పెట్టి లోపలికొచ్చినాను. చిన్నన్న ఇంకా ఒంటి చెప్పు మీదే ఉన్నాడు.

ఈసారి కీ నొక్కితే కన్ను మూసి తెరిచేలోపల షరతంతా తెర మీద ఉంది. మామ పైకి చదివినాడు. తాగునీళ్లు ఏ దినమూ ఎవరూ అడ్డగించరాదు, అని అక్కడ ఆగినాడు. తెర వైపే చూస్తాండాడు.

"టీ యాడ పోయింది పాపా?"

"బిరబిరా వచ్చి బిరబిరా పోయింది మామా. కొత్తది గదా, మన కండ్లకు అందలేదు."

ఆయన ముఖం చిన్నబోయింది. కాసేపటికి లేచి కిటికీ దగ్గరికి పోయి, తనే బంకు వైపు కేకేసినాడు, రెండు టీలు చెప్పు, ఒకదాంట్లో చక్కెర వద్దు అని. టీలు వచ్చినాయి. మామ అలవాటుగా చక్కెర లేనిదాని కోసం చెయ్యి చాపితే, చిన్నన్న అడ్డం వచ్చినాడు.

"అది మా అన్నకియ్యప్పా. ఆయనకు షుగరుంది."

పెద్దన్న గ్లాసు అందుకుని తల వంచుకుని తాగినాడు. పెద్దొదిన కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చిన్నన్న ఆ ఒక్క చెప్పు కూడా విడిచేసి వచ్చి కూర్చున్నాడు. ఒకటీ ఇరవైకి ఇద్దరూ సంతకాలు పెట్టినారు.

ఆ తర్వాత కంప్యూటర్లు నాలుగు మారినాయి. ఇప్పుడు ఆ గది నాది, మామ పొద్దున పేపర్ చదవడానికి వచ్చి కూర్చుంటాడు, చెవి మీద పెన్నుతో. పోయిన నెల కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. అన్నిటికంటే ముందు లక్ష్మినే లోపలికి పంపినాను. మ్యాక్రోను ఒక్కో అడుగు ఆపి ఆపి నడిపించి చూసే వీలుందని నాకు ముప్పై దాటినాక తెలిసింది. కొత్తదాంట్లో చేరినప్పుడల్లా ఒకసారి అట్లా నడిపిస్తాను. తాగునీళ్ల తర్వాత రెండు టీలు మెల్లగా వస్తాయి, మెల్లగా చెరిగిపోతాయి. ఆ రెండు లైన్లు తీసేయడం నిమిషం పని. తీయలేదు. ఎన్ని బావుల కాగితాల్లో ఎవరికీ కనబడకుండా మా మామ టీ అడిగి వద్దన్నాడో పైవాడికే తెలుసు.

ఈసారి మామ కళ్లజోడు సర్దుకుని, ఉందా అన్నాడు. ఉంది మామా అన్నాను. ఇద్దరం తెర చూసుకుంటూ కాసేపు నవ్వుకున్నాం. తర్వాత నేను లేచి కిటికీ దగ్గరికి పోయి బంకు వైపు కేకేసినాను.

"రెండు టీలు చెప్పన్నా. రెండిట్లోనూ చక్కెర వద్దు."