వియెన్ మాస్టారి గదిలో చుట్టరికాలు చెల్లవు

1998 అక్టోబరు పన్నెండు, సోమవారం, సాయంకాలం ఆరు గంటలు. వియత్నాంలోని మా హ్వే నగరంలో ఎడతెగని జల్లు. వియెన్ మాస్టారి ఇంగ్లీషు తరగతిలో నేను మొదటిసారి అడుగుపెట్టాను. ఆయనకున్న పిచ్చి ఒక్కటే: గడప దాటి లోపలికి వచ్చాక ఎవరికీ ఎవరితోనూ వరస ఉండరాదు.

మా ఊళ్లో నోరు విప్పేముందు వయసూ వరసా తేల్చుకోవాలి. "చెల్లికి ఆకలేస్తోంది, అన్న తిన్నాడా?" అంటామే గాని, "నేను", "నువ్వు" అనం.

"మాస్టారూ, తమ్ముడు ఎక్కడ కూర్చోవాలి?" అని అడిగాను.

"ఏ తమ్ముడు? మా అమ్మకు నేనొక్కణ్ణే. 'ఐ' అని ఏడు!"

మాతోపాటు చదువుకోవడానికి వార్డు అధ్యక్షుడంతటివారు వచ్చి, "పెదనాన్న లోపలికి రావచ్చునా?" అన్నారు.

"మా పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది. మీరెవరు?"

సర్వనామాలలో పలకరించేవి, ఆరా తీసేవి, వేలెత్తి చూపేవి ఉన్నాయనీ, "మైన్", "యువర్స్" అని తేల్చేవి మాత్రం గొంతెత్తి పలకాలనీ ఆయన బోధించేవారు.

మాతో చదివే లువా ఒక గోడ పక్కన నూడుల్సు అమ్ముకొనేది. ఆ జాగా ఆమెకు తండ్రి ఇచ్చినది. ఆమె పొట్ట గడిచేది దానిమీదే. మరొక విద్యార్థి ఖాయ్ ఆమెకంటె ఎంతో చిన్నవాడైనా, వంశంలో ఒక తరం పైన పుట్టినందున ఆమెకు చిన్నాన్న వరస. అక్కడ తన అద్దె మోటారుసైకిళ్లు పెట్టుకొంటాననీ, అక్టోబరు నెలాఖరుకు ఖాళీ చెయ్యమనీ సెప్టెంబరులోనే అతడు కబురంపాడు.

"చిన్నాన్న చెప్తే బిడ్డ కాదంటుందా?" అని ఆవిడ పొయ్యి ఎత్తెయ్యడానికి సిద్ధపడింది.

నెలాఖరులో మాస్టారు ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు. "సంభాషణ. విషయం, గోడ పక్క జాగా. ఇంగ్లీషులో!"

ఖాయ్ నవ్వాడు. "బిడ్డతో చిన్నాన్న ఏం మాట్లాడతాడు, మాస్టారూ..."

బెత్తం బల్లమీద ఫెళ్లుమంది. "ఐ! యూ!"

"యూ గో," అన్నాడు ఖాయ్.

లువా తలెత్తింది. "ఐ... ఐ నో గో. దిస్ మైన్! మై ఫాదర్ గివ్. యూ గో!"

"అన్నీ తప్పులే, మాస్టారూ!" అన్నాడు ఖాయ్.

"వ్యాకరణంలో ఉన్నాయి. జాగా విషయంలో ఒక్కటీ లేదు."

"చిన్నాన్ననే ఎదిరిస్తోందండీ!"

"చిన్నాన్ననా? ఎవరో 'యూ'ని అంది. నీకెందుకయ్యా ఉలుకు?"

వెనక బల్లమీద వార్డు అధ్యక్షుడే ముందుగా నవ్వారు. సంగతి ఆయన చెవిన పడ్డాక ఖాయ్ ఆ ఊసెత్తలేదు.

తరువాత పాత విద్యార్థులు చెప్పారు: లువాకు ఖాయ్ కబురు వచ్చిన వారం దాకా మాస్టారు అందరినీ "బిడ్డలూ" అనే పిలిచేవారట.

మాస్టారు ఇప్పుడు డానాంగ్‌లో కూతురింట ఉంటున్నారు. లువా కొట్టు ఆ గోడ పక్కనే ఉంది. ఖాయ్ రోజూ పొద్దున అక్కడే తింటాడు. "చిన్నాన్నా, కాస్త జరగండి, గిరాకీకి అడ్డం," అంటుంది ఆవిడ. అతడు జరుగుతాడు.