నీళ్ళు ఆపినా వెలిగిన బల్బు

నా చిన్నప్పుడు నేను చెప్పిన అబద్ధాల్లో ఒకదానికి కప్పు ఇచ్చినారు. మిగతా వాటికి మా అమ్మ దెబ్బలే ఇచ్చింది. అందుకేనేమో ఆ ఒక్కటీ ఇంతకాలం మరుపుకు రాలేదు.

అప్పుడు నేను డెంకణికోటలో ఏడో తరగతి చదువుతా ఉన్నాను. మా బడిలో విజ్ఞాన ప్రదర్శన పెడతామని, పైనుంచి పెద్ద ఆఫీసరు వస్తాడని, పొద్దున ఆయన చూసినాక మధ్యాహ్నం నుంచి చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా వచ్చి చూడొచ్చని మా హెడ్మాస్టరు చెప్పినాడు. ప్రజల్లో విజ్ఞానం పెంచడానికంట. ఆ మాట పలికినప్పుడల్లా ఆయన ఛాతీ ఒక అంగుళం ముందుకొచ్చేది. ఆయన పాఠం చెప్పగా మేము విన్నది తక్కువ. గోడలకు సున్నం కొట్టించడం, వాకిట్లో రంగు కాగితాలు కట్టించడం, ఆఫీసరు కూర్చునే కుర్చీకి తెల్ల టవలు వెతికించడం, వీటిలో మాత్రం ఆయనను మించినోళ్ళు మా తాలూకాలో లేరు.

హాల్లో వరసగా బల్లలు వేసినారు. అట్టముక్కల రాకెట్టు, ఎర్ర రంగు కక్కే అగ్నిపర్వతం, సముద్రం ఎట్లుంటుందో ఎరగని మా ఊరికి ఒక ఓడరేవు. ఏదీ పిల్లలు చేసింది కాదు. అన్నీ బెంగళూరులో ఒక అంగట్లో కొనుక్కొచ్చినవే. వాటి పక్కన ఉతికిన బట్టలతో నిలబడి, బట్టీ పట్టింది అప్పజెప్పడం మా వంతు. దానికే మమ్మల్ని బాల శాస్త్రవేత్తలు అన్నారు. ఆ బిరుదు అంత చవకగా దొరకడం మళ్ళీ నేను ఈ మధ్యనే హోసూరులో చూసినాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నాకు వచ్చింది నీళ్ళతో కరెంటు పుట్టించే నమూనా. పైన ఒక తొట్టి, దానికి కొళాయి, నీళ్ళు పడితే తిరిగే రేకుల చక్రం, పక్కన చిన్న బల్బు. తెచ్చిన రెండోరోజే అది చెడిపోయింది. చక్రం తిరుగుతుంది, బల్బు వెలగదు. ఎందుకు వెలగలేదో విప్పి చూద్దామని అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మా సైన్సు సారు టార్చిలో వేసే సెల్లు నాలుగు తెచ్చి బల్ల కింద కట్టినాడు. ఇంటి గుమ్మానికి పెట్టే బెల్లు స్విచ్చి ఒకటి నేలమీద అమర్చి, బల్ల మీదనుంచి కిందిదాకా గుడ్డ కప్పేసినాడు. నేను కొళాయి తిప్పాలి, చక్రం తిరగగానే కాలి బొటనవేలితో స్విచ్చి అదిమి పట్టుకోవాలి. ఎవరితోనూ అనకూడదని, ఇది బడి మర్యాద అని హెడ్మాస్టరు నా తల నిమిరినాడు. బడి మర్యాదంతా నా బొటనవేలి కింద ఉందని నేను పొంగిపోయినాను.

ఆ రోజు పెద్ద ఆఫీసరు రెండు గంటలు ఆలస్యంగా వచ్చినాడు. రిబ్బను కత్తిరించినాడు. హాలంతా చూడడానికి ఆయనకు పట్టిన సేపు, మెడలో దండ సర్దుకోవడానికి పట్టిన సేపుకన్నా తక్కువ. నా బల్ల దగ్గర మాత్రం బల్బు వెలగడం చూసి ఆగినాడు. నేను ఇంగ్లీషులో అప్పజెప్పినాను. అర్థం నాకూ తెలియదు, ఆయన విననూ లేదు. తర్వాత విజ్ఞానం గురించి చానాసేపు మాట్లాడి, మొదటి బహుమతి కప్పు నా చేతికిచ్చి, భోజనానికి పోయినాడు.

మధ్యాహ్నం జనం వచ్చినారు. పొలాల నుంచి, సంత నుంచి, బస్సులు దిగి, పిల్లల్ని చంకనేసుకొని వచ్చినారు. వీళ్ళు ఆఫీసరు మాదిరి కాదు. ప్రతి బల్ల దగ్గరా ఆగి, వంగి, నోరు తెరుచుకొని చూసినారు. ఆ హాల్లో విజ్ఞానం కోసం నిజంగా వచ్చినోళ్ళు వాళ్ళే. వాళ్ళకోసం మేము దాచిపెట్టింది నాలుగు టార్చి సెల్లు.

వాళ్ళలో జవళగిరి పక్కనుంచి వచ్చిన రైతు ఒకాయన నా బల్ల దగ్గర నిలబడిపోయినాడు. నేను చెప్పింది తెలుగులో ఒకసారి మళ్ళీ చెప్పించుకున్నాడు. కొళాయి తిప్పించి, బల్బు వెలగడం రెండుసార్లు చూసినాడు.

"పాపా, ఇది నీళ్ళతోనే వెలుగుతా ఉండాదా?"

"అవునప్పా, నీళ్ళతోనే."

"మా చేని పక్కన కాలవ పారతా ఉండాది. ఏనుగులు అడివిలోనుంచి వచ్చి రాగి చేనంతా తొక్కేసి పోతాయి. దీపం ఉంటే ఆ పక్కకు రావంటారు. ఆడికి కరెంటు కంబం రాలేదు. ఇట్లాంటిది పెద్దది చేసి కాలవలో పెడితే వెలుగుతుందా అమ్మా?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు బట్టీ పట్టించలేదు. తెలియదని ఒక్క మాట అనుంటే సరిపోయేది. పక్కనే కప్పు మెరుస్తా ఉంది.

"వెలుగుతుందప్పా," అన్నాను.

యాడ దొరుకుతుందని అడిగినాడు. బెంగళూరులో అని చెప్పినాను. మేకలు రెండుండాయని, ఈ సంతలోనే అమ్మేసి తెచ్చుకుంటానని చెప్పి, ఏడో తరగతి పిల్లనైన నాకు రెండు చేతులూ జోడించినాడు.

అప్పుడు ఆయన వెనకనుంచి ఒక గొంతు వినబడింది.

"పాపా, నీళ్ళు ఆపు."

అది మా మేనత్త. ఊళ్ళో పిండి మిషను ఆమెదే. మామ పోయినాక మిషను అమ్మేయమని అందరూ చెప్పినా అమ్మలేదు. మోటారు ఆగితే తానే విప్పి చూసేది, బెల్టు తెగితే తానే కుట్టేది. చదివింది మూడో తరగతి. ఆ రోజు కూడా పని మధ్యలో వచ్చినట్టుంది, కనురెప్పల మీద రాగిపిండి అట్లే ఉంది. ఈ లోకంలో ఎవరి దగ్గరైనా మంచి పిల్లననిపించుకోవాలని నేను తపించినానంటే అది ఆమె దగ్గరే.

నేను కొళాయి కట్టేసినాను. నీళ్ళు ఆగినాయి, చక్రం రెండు చుట్లు తిరిగి నిలబడింది. బొటనవేలు తీసేస్తే బల్బు కూడా ఆరిపోయేది. అబద్ధం నిలిచేది, బడి మర్యాద నిలిచేది, నా కప్పు నిలిచేది. నేను తీయలేదు. ధైర్యమని చెప్పుకోవాలని ఉంది గానీ, భయంతో కాలు బిగుసుకుపోయిందో, అత్త కళ్ళు చూసి తీయలేకపోయినానో ఈ రోజుకూ నాకు తెలియదు. చక్రం నిలబడే ఉంది. బల్బు వెలుగుతానే ఉంది.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వినారు. హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చినాడు. పుట్టిన కరెంటు కొంతసేపు తీగలో నిల్వ ఉంటుందని, ఇదంతా సైన్సని, మిషనాడించే ఆడదానికి అర్థం కాదని చెప్పినాడు. అంత చదువుకొని ఆయనకు దొరికిన జవాబు అది. పక్కనున్న సైన్సు సారు నేలచూపులు చూస్తా తల ఊపినాడు. ఆయన మీదనే నాకు ఇంకా ఎక్కువ అసహ్యం. హెడ్మాస్టరు సైన్సు రాక వాగినాడేమో, ఈయన తెలిసి తల ఊపినాడు.

మా అత్త గొంతు పెంచలేదు. "సారూ, నా మిషన్లో రాగులు పొయ్యకనే పిండి రాలితే నేను దానికి టెంకాయ కొట్టను. కింద ఏముండాదో వంగి చూస్తాను," అనింది. వంగి, గుడ్డ పైకెత్తింది. సెల్లు, తీగలు, స్విచ్చి, దానిమీద నా బొటనవేలు అందరికీ కనబడినాయి.

రైతు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నా మొగం చూసి, "చదువుకునే బిడ్డ చెప్పిందని నమ్మితిని పాపా," అని తుండు భుజానేసుకొని వెళ్ళిపోయినాడు.

ఇంటికి పోయే దారిలో అత్త ముందు నడిచింది. కాలు తీయనందుకు మెచ్చుకుంటుందని నేను ఎదురుచూస్తా వెనక నడిచినాను. మిషను తలుపు తీస్తా అప్పుడు అడిగింది.

"వాళ్ళ సంగతి వదిలెయ్. వాళ్ళకు కుర్చీ కావల్ల, శాలువా కావల్ల. ఆయప్ప మేకలు అమ్ముతాననింది నీ చెవిలో పడింది కదా?"

పడిందన్నాను.

"పడినాక కూడా ఊరికే ఉంటివి."

అంతే అని నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కల్తీ గింజల్ని చేతిలోకి తీసుకొని చూసి పక్కకు నెట్టేటప్పుడు ఆమె చూసే చూపు అది. నన్ను అట్లా చూడొచ్చని నాకు అంతవరకూ తెలియదు.

ఆదివారం ఇద్దరమూ జవళగిరి బస్సెక్కినాము. మామ పాత సైకిలు వెనక చక్రం, దాని డైనమో, బల్బు, నూనె డబ్బా కత్తిరించిన రేకులు మా ఒడిలో ఉన్నాయి. అడిగి అడిగి ఆ రైతు చేనికి చేరినాము. మమ్మల్ని చూసి ఆయన మజ్జిగ ఇచ్చినాడు. అత్త రేకులను చక్రంలోని సన్న ఇనుప కంబీలకు కట్టి, రెండు కొయ్యలు నాటి, కాలవ మీద చక్రాన్ని నిలబెట్టింది. డైనమో టైరుకు ఆనించి తీగలు బల్బుకు బిగించింది. చక్రం తిరిగింది. బల్బు వెలగలేదు. ఇప్పుడు నాకు అదమడానికి స్విచ్చి లేదు.

రైతు బల్బు పక్కన గొంతుకూర్చున్నాడు. ఎండలో కనబడడం లేదేమోనని తుండు తలమీదనుంచి బల్బు మీదికి గుడారం మాదిరి కప్పుకొని లోపల చూసినాడు. కొంచెంసేపటికి, "ఉండాది," అన్నాడు. నన్ను కూడా తుండు కిందికి పిలిచినాడు. లోపల తీగ, కాలే ఊదుబత్తి కొనంత ఎర్రగా ఉంది.

అత్త ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఈ కాలవకు ఇంతే వస్తుంది, నీళ్ళు ఎత్తునుంచి పడితే ఇంకొంచెం రావచ్చు, ఎంతొస్తుందో తనకు తెలియదు, దీన్ని నమ్ముకొని మేకలు అమ్మొద్దు అనింది. ఆయన పడీపడీ నవ్వినాడు. "దీన్ని చూస్తే ఏనుగు దగ్గరకొచ్చి తొండంతో ఊదేసి పోతాదమ్మా," అన్నాడు. నవ్వు ఆగినాక నావైపు తిరిగి, "నువ్వు మళ్ళీ వచ్చినావు చూడు, అది చాలు," అన్నాడు. ఏనుగులు ఆ ఏడు కూడా ఆయన చేను తొక్కినాయని తర్వాత విన్నాము. మేకలు మాత్రం మిగిలినాయి.

బడిలో నా కప్పు వెనక్కి తీసుకొని హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువాలో పెట్టినారు. నన్ను మళ్ళీ ఏ ప్రదర్శనలోనూ నిలబెట్టలేదు. ప్రజల్లో విజ్ఞానం పెంచినందుకు ఆయనకు ఆ ఏడే శాలువా కప్పినారు.

నేను పెద్దయ్యి సైన్సు టీచరునే అయినాను. రిటైరయినాక ఇప్పుడు హోసూరులో ఉన్నాను. పెద్ద పెద్ద హాళ్ళలో జరిగే సైన్సు పండగలకు నన్ను న్యాయనిర్ణేతగా పిలుస్తారు. నమూనాలు ఇప్పుడు కొరియరులో వస్తాయి, ముట్టుకోవద్దని వాటికి బోర్డు తగిలిస్తారు, తల్లిదండ్రులు ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. బాల శాస్త్రవేత్త అని పిల్లల మెడలో కార్డు. నేను బల్లల కింద కూడా వంగి చూస్తాను కాబట్టి, ఒకసారి పిలిచినోళ్ళు నన్ను రెండోసారి పిలవరు. పిలవకపోతే పోనీ. ఆ శాలువాల మీద నాకు ఏ కాలంలోనూ గౌరవం లేదు.

కానీ వాళ్ళను ఈసడించుకోవడం సులభం. అది అత్త నేర్పించకపోయినా వచ్చుండేది. ఆమె నుంచి నాకు మిగిలింది వేరే. ఎవరైనా నన్ను నమ్మి ఒక మాట అడిగినప్పుడు, నాకు తెలియకపోతే, తెలిసినట్టు చెప్పాలని ఇప్పటికీ ఒక్క క్షణం నాలుక చివరిదాకా వస్తుంది. ఇంత వయసొచ్చినా ఆ క్షణం నన్ను వదల్లేదు. మిషను గుమ్మంలో అత్త చూసిన చూపు అప్పుడు నా మీద పడుతుంది. తెలియదనే చెప్తాను.