కళ్లం గురించి రాసిన నాలుగు వాక్యాలు

అరవయ్యో దశకం చివర్లో నేను వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం బస్సు ఆగే ఒక చిన్న ఊళ్లో తెలుగు పంతులుగా ఉండేవాణ్ని. అప్పటికి పాతికేళ్లు నిండలేదు. పంచాయతీ కొత్త భవనం ప్రారంభానికి సంచిక వేస్తున్నామనీ, ఊరి చరిత్ర రాసివ్వమనీ ప్రెసిడెంటుగారు అడిగేసరికి నా కాళ్లు నేల మీద నిలవలేదు. అచ్చులో పేరు చూసుకోవాలన్న యావ అలాంటిది.

పాత సంగతులు తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడన్నారు. బజారు వెనక కళ్లంలో వరి నూర్చే ముసలి రైతు. డెబ్బై దాటినా ఎడ్లను తనే తోలేవాడు. గడ్డిమేటు నీడలో కూర్చోబెట్టి, ఉడకబెట్టిన తేగలు చేతికిచ్చి, నాలుగు రోజులు చెప్పాడు.

"మాది ఇక్కడ కాదు బాబూ, ఏటికి అవతల. వరదకి ఇళ్లు కొట్టుకుపోతే మా తాత అందర్నీ ఈ మిట్టకి తోలుకొచ్చినాడు. ఈ కళ్లం మాత్రం మాది కాదు. అప్పుడిది ఊరుమ్మడి బీడు. ఎవులూ కాదనలేదని నూర్చుకుంతన్నాం."

పొంగిపోయి, కళ్లం గురించి నాలుగు వాక్యాలు రాసేశాను. దానివల్ల ఆయనకి ఇబ్బంది వస్తుందని నాకు తట్టనే లేదని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. తట్టింది. పేరు రాయకుండా 'ఒక వృద్ధ రైతు' అంటే సరిపోతుందిలే అనుకున్నాను. బజారు వెనక ఉన్న కళ్లం అదొక్కటేనని తెలియని వెధవనా నేను?

సంచిక వచ్చిన నెలకి పంచాయతీ మీటింగు పెట్టారు. సంతకి షెడ్లు వేయడానికి ఆ స్థలం కావాలట. ప్రెసిడెంటుగారు నా వ్యాసం చదివించి, ముసలాయన వైపు తిరిగారు.

"మాస్టారు కల్పించి రాసినారా, నువ్వు సెప్పిందేనా?"

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు తలుచుకుంటే ఈనాటికీ సిగ్గుతో చచ్చిపోతాను. లేచి, నేనే సరిగ్గా వినలేదని ఒక్క మాట అని ఉంటే, ఇంకో ఏడాదైనా ఆ కళ్లం ఆయనకి దక్కేది. ఎక్కడికి బదిలీ చేయిస్తారోనన్న భయంతో తలవంచుకుని కూర్చున్నాను.

"మాస్టారు సిన్నోడు, ఆయన్ననొద్దు. నానే సెప్పినాను," అన్నాడు ముసలాయన.

ఆ ఏడు ఆయన పనలు రోడ్డు మీద పరిచి నూర్చుకున్నాడు. సగం గింజ దుమ్ములో పోయింది. ఇంటి నుంచి బడికి వెళ్లే దారి అదే కాబట్టి, నేను చుట్టు తిరిగి పొలాల గట్ల మీదుగా వెళ్లేవాణ్ని.

ఒక సాయంత్రం మా ఇంటికొచ్చాడు. తిట్టడానికేనని గుమ్మంలోనే సంజాయిషీ మొదలుపెట్టాను. ఆయన వినిపించుకోలేదు. సంచిక ఒకటి ఇమ్మన్నాడు. ఇచ్చాను.

"మా తాత పేరు ఎక్కడున్నాది మాస్టారూ? ఊరిని ఈడకి తెచ్చినోడు గదా."

ఆ పేరు నా నోటుపుస్తకంలో ఉంది, అచ్చులో లేదు. ప్రెసిడెంటుగారు కోరితే అది కొట్టేసి, ఊరు కట్టినవాడిగా ప్రెసిడెంటుగారి ముత్తాత పేరు రాశాను. ముసలాయనకి చదువు రాదు. ఆ ముత్తాత పేరు మీదే వేలు పెట్టి చూపించాను.

ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని, ఆ పేజీని కళ్లకద్దుకున్నాడు.