ఒకే తీగ మీద రెండు నంబర్లు

తొంభైల చివర్లో నన్ను టెక్కలి నుంచి పలాస కార్యాలయానికి సిస్టమ్స్ ఇన్‌ఛార్జిగా వేశారు. అప్పట్లో మా కంప్యూటర్లు మాట్లాడుకునేది ఐపీఎక్స్ అనే పద్ధతిలో. ఇప్పటివాళ్లు దాని పేరు కూడా విని ఉండరు.

నా కింద సాంకేతిక సహాయకుడు తాతారావు. ఉద్దానం తీరంలో చేపల వేట మీద బతికే ఇంటి నుంచి వచ్చినవాడు. ప్రింటర్ ఆగినా, తెర నల్లబడినా అందరూ నన్ను దాటుకుని అతని దగ్గరికే వెళ్లేవారు. కాశీబుగ్గ బజారులో కూడా అతన్నే ఆపి పలకరించేవారు. ఇన్‌ఛార్జిని నేను, పేరు అతనిది. దాచుకోవడమెందుకు, నాకు కడుపు మండేది.

ఒకసారి గుమాస్తాలకు అతను చెబుతుంటే విన్నాను. "ఊరి పేరు సర్వర్లో మనం రాత్తాం. ఇంటి నంబరు కార్డుతోటే వత్తాది. పేకెట్ మీద పంపినోడివీ, అందుకునీవోడివీ రెండేసి ఉంటాయి. ఒక తీగ మీదున్నోళ్లందరికీ ఊరి పేరు ఒకటే ఉండాల." నేను మాన్యువల్లో రెండు రోజులు చదివి తెలుసుకున్నది అదే. మంట ఇంకా పెరిగింది.

రెండో సర్వర్ వచ్చింది. మొదటిదానికి అతను ఇచ్చిన నెట్‌వర్క్ నంబరు, అంటే అతను చెప్పిన ఆ ఊరి పేరు, ఏమిటో అడిగి అదే వెయ్యాలి. నా కిందివాణ్ణి నేను అడగడమా అనుకుని, తోచిన నంబరు వేసేశాను. ఆ క్షణం నుంచి రెండు సర్వర్లూ కీచుమంటూ ఒకదాని మీద ఒకటి ఫిర్యాదు మొదలుపెట్టాయి. నా సర్వర్ తెర మీద అతని నంబరు తప్పని, అతని సర్వర్ తెర మీద నాది తప్పని. కొన్ని కంప్యూటర్లు ఒక నంబరు, కొన్ని ఇంకొకటి పట్టుకోవడంతో పని ఆగిపోయింది.

పై అధికారి వచ్చి, ఎదురుగా ఉన్న నా తెర చదివి, తప్పెవరిదని నన్నడిగారు. తెర మీద ఉన్నదే చెప్పాను.

"సార్, నా సర్వర్ది ఆ రెండో తెర కూడా ఓపాలి సూడండి," అన్నాడు తాతారావు, నా వైపు చూస్తూ. నేను ఫైలు తిరగేస్తూ ఉండిపోయాను. అధికారి చూడలేదు.

అతనికి అదే రోజు మెమో ఇచ్చి ఇచ్ఛాపురం బదిలీ చేశారు. అతను రిలీవ్ అయిన సాయంత్రమే నా సర్వర్లో అతని నంబరు వేశాను. కీచుమనడం ఆగింది. అక్కడ కూడా అందరూ అతన్నే పిలుస్తున్నారని కొన్నాళ్లకు తెలిసి, మళ్లీ కుళ్లుకున్నాను.

సర్వర్‌కు తేడా ఉందని తెలుస్తుంది గానీ తప్పెవరిదో తెలియదు. రెండు తెరలూ చూశాకే తేల్చాలని తర్వాత చేరిన ప్రతివారికీ నేర్పాను. ఆ రోజు రెండో తెర మీద ఏముందో నాకు తెలుసునని మాత్రం ఎవరికీ చెప్పలేదు.